పెద్ద సంఖ్య గుణగణాలు చేత్తో ఎలా తేల్చాలి: 12,34,56,54,321 ఉదాహరణగా

పది పదకొండు అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, ఇది ప్రధాన సంఖ్యా కాదా, వర్గమా కాదా, దీనికి ఎన్ని భాజకాలున్నాయి, సమృద్ధమా న్యూనమా (తాను కాక మిగిలిన భాజకాల మొత్తం తనకన్నా ఎక్కువా, తక్కువా) అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? పోటీ పరీక్షలకు చదివేవారు, పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. ప్రతిసారీ ముక్కలుగా జవాబు చెప్పేకన్నా ఒక నిజమైన సంఖ్యను పట్టుకుని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపడం మేలు. సిద్ధాంతం అవసరమైనంతే చెబుతాను. ఎక్కడ తప్పు జరుగుతుంది, వచ్చిన జవాబును ఎలా సరిచూసుకోవాలి అన్నదే ముఖ్యం.

ఉదాహరణకు తీసుకున్నది 12,34,56,54,321. అంటే పన్నెండు వందల ముప్పై నాలుగు కోట్ల యాభై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి. ఇది నేను కల్పించినది కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఈ సంఖ్య ఉంది. 2,79,94,681ని 441తో హెచ్చిస్తే, ఒకటితో మొదలై ఆరు వరకు పెరిగి మళ్లీ క్రమంగా తగ్గే సంఖ్య వస్తుందని ఆయన చూపించాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వెయ్యేళ్లకు పైగా మనవాళ్ల చేతుల్లో నలిగిన సంఖ్య కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. మరో కారణం కూడా ఉంది. పైకి సాదాగా కనిపించే ఈ సంఖ్య దాదాపు ప్రతి అడుగులోనూ ఒక పొరపాటుకు తావిస్తుంది. నేర్చుకోవడానికి అలాంటి సంఖ్యే కావాలి.

కావలసినవి

గడుల నోటుపుస్తకం. గడికి ఒక అంకె చొప్పున రాస్తే స్థానాలు తప్పవు. పెద్ద లెక్కల్లో సగం తప్పులు స్థానం జారడం వల్లే వస్తాయి.

రెండు రంగుల కలాలు. ఒకటి లెక్కకు, ఒకటి సరిచూడడానికి.

100 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. మొత్తం 25 ఉంటాయి: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97. ఇందులో 1 ఉండదు, 51 ఉండదు (3 × 17), 57 ఉండదు (3 × 19), 91 ఉండదు (7 × 13). మీరు సొంతంగా రాసుకున్న పట్టిక అయితే ఈ నాలుగూ దూరి ఉన్నాయేమో ముందు చూసుకోండి.

12 అంకెలు చూపే క్యాలిక్యులేటర్, అది కూడా సరిచూడడానికి మాత్రమే. 8 లేదా 10 అంకెలది ఈ సంఖ్యకు చాలదు.

1. సంఖ్యను మూడు రకాలుగా రాసి పెట్టుకోండి

లెక్క మొదలుపెట్టకముందే ఈ మూడు వరుసలు రాయండి.

చదవడానికి: 12,34,56,54,321
మూడేసి అంకెలుగా: 12 | 345 | 654 | 321
రెండేసి అంకెలుగా: 1 | 23 | 45 | 65 | 43 | 21

మొదటిది వేలు, లక్షలు, కోట్లు పలకడానికి. రెండోది 7, 11, 13, 37లతో భాగహార పరీక్షకు. మూడోది వర్గమూలానికి. విడగొట్టడం ఎప్పుడైనా కుడి చివర నుంచే మొదలవ్వాలి.

హెచ్చరిక: మన పద్ధతిలో కామాలు మొదట మూడంకెలకు, ఆ తర్వాత రెండేసి అంకెలకు పడతాయి. ఆ కామాల మధ్య ఉన్న ముక్కలనే తీసుకుని 7, 11, 13 పరీక్ష చేసేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే వచ్చే జవాబుకు అర్థం లేదు. ఆ పరీక్షకు కచ్చితంగా మూడేసి అంకెల ముక్కలే కావాలి.

2. అంకెలతో చేసే పరీక్షలు

చివరి అంకె 1. కాబట్టి 2తో పోదు, 5తో పోదు.

అంకెల మొత్తం: 1+2+3+4+5+6+5+4+3+2+1 = 36. ఇది 9తో పోతుంది కాబట్టి సంఖ్య కూడా 9తో నిశ్శేషంగా పోతుంది. 27 సంగతి మాత్రం అంకెల మొత్తంతో తేలదు. 3కు, 9కి పనిచేసే సూత్రాన్ని 27కు పొడిగించకూడదు. 27 అనే సంఖ్యనే చూడండి: అంకెల మొత్తం 9 మాత్రమే, అయినా అది 27తో పోతుంది.

27కు, 37కు ఒకే పరీక్ష ఉంది. 27 × 37 = 999 కాబట్టి మూడేసి అంకెల ముక్కలను కూడితే చాలు. 12 + 345 + 654 + 321 = 1332. మళ్లీ విడగొట్టి కూడితే 1 + 332 = 333. ఇప్పుడు 333ని భాగించి చూడండి. 37 × 9 = 333, కాబట్టి 37తో పోతుంది. 27తో భాగిస్తే 9 శేషం, కాబట్టి 27తో పోదు. అంటే ఈ సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లే ఉంది. ఈ మాటను పక్కన రెండో రంగుతో రాసుకోండి, తర్వాత సరిచూడడానికి పనికొస్తుంది.

7, 11, 13లకు కూడా ఒకే పరీక్ష, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. ముక్కలను కుడి నుంచి ఒకసారి కలుపుతూ, ఒకసారి తీసేస్తూ వెళ్లండి: 321 − 654 + 345 − 12 = 0.

సున్నా వచ్చిందంటే పరీక్ష విఫలమైందని అనుకుని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అది పొరపాటు. సున్నా 7తో పోతుంది, 11తో పోతుంది, 13తో పోతుంది. కాబట్టి మన సంఖ్య ఆ మూడింటితోనూ పోతుంది. సున్నాకు బదులు ఉదాహరణకు 715 వచ్చి ఉంటే, దాన్ని మూడింటితో విడివిడిగా భాగించి చూడాలి. రుణసంఖ్య వస్తే గుర్తు వదిలేసి భాగించండి, ఫలితం మారదు.

ఇంకొక అపోహ. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యలన్నీ 11తో పోతాయని అంటుంటారు. అంకెల సంఖ్య సరి అయినప్పుడే అది నిజం. మనది 11 అంకెల సంఖ్య, కాబట్టి ఆ నియమం దీనికి వర్తించదు. ఇది 11తో పోవడం పరీక్ష చేస్తేనే తెలిసింది. ఇలాగే పెరిగి తగ్గే 12,321ని చూడండి, అది 11తో పోదు.

3. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. ఇది సరిగా వస్తే తర్వాతి ప్రశ్నలన్నీ చిన్న గుణకారాలుగా మిగులుతాయి. ఇది తప్పితే ఆ తర్వాత రాసినదంతా తప్పే.

ముందు 9తో భాగించండి.
12345654321 ÷ 9 = 1371739369

కొత్త సంఖ్య అంకెల మొత్తం 49. 3తో పోదు. రెండో అడుగులో 27తో పోదని రాసుకున్నాం కదా, దానితో సరిపోయింది.

ఇప్పుడు 7, 11, 13లతో వరుసగా.
1371739369 ÷ 7 = 195962767
195962767 ÷ 11 = 17814797
17814797 ÷ 13 = 1370369

ఇక్కడ ఆపకండి. ఒక కారణాంకం ఒకసారి పోయిందంటే మరోసారి పోదని కాదు. మిగిలిన 1370369ని మళ్లీ మూడేసి అంకెలుగా విడగొట్టి పరీక్షించండి: 369 − 370 + 1 = 0. మళ్లీ మూడింటితోనూ పోతుంది. 1001తో ఒకేసారి భాగిస్తే 1369 వస్తుంది.

మరోసారి: 369 − 1 = 368. దీన్ని 7తో భాగిస్తే 4 శేషం, 11తో 5, 13తో 4. కాబట్టి ఆ మూడింటి పని అయిపోయింది.

ఇక 1369. ఈ సంఖ్య దగ్గర చాలామంది తప్పు చేస్తారు. పట్టిక ప్రకారం 17తో భాగిస్తే 9 శేషం. 19తో 1. 23తో 12. 29తో 6. 31తో 5. ఇన్నిసార్లు శేషం వచ్చేసరికి ఓపిక పోయి, ఇది ప్రధాన సంఖ్యే అని రాసేస్తారు. వర్గమూలం లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలన్న నియమం తెలిసినవారు కూడా ‘లోపు’ అన్న మాటను పట్టుకుని 37కు ముందే ఆగిపోతారు. వర్గమూలంతో సహా చూడాలి. 37 × 37 = 1369.

నిజానికి రెండో అడుగులోనే 37తో పోతుందని మనకు తెలిసింది. అప్పుడు రాసుకున్న మాట ఇలాంటి చోటే కాపాడుతుంది. పరీక్షలో తేలిన ప్రతి కారణాంకమూ చివరి జాబితాలో ఉందో లేదో టిక్కు పెట్టుకోండి.

ఫలితం: 12,34,56,54,321 = 3² × 7² × 11² × 13² × 37²

4. వెనక్కి హెచ్చించి సరిచూడండి

ఒక్కొక్కటి రెండుసార్లు ఉంది కాబట్టి, ఒక్కోసారి తీసుకుని హెచ్చిస్తే చాలు. 3 × 37 = 111. 7 × 11 × 13 = 1001. 111 × 1001 = 1,11,111. మన సంఖ్య దీని వర్గం.

చేత్తో సరిచూడాలంటే గడుల కాగితం మీద 111111ను ఒక్కో గడి ఎడమకు జరుపుతూ ఆరు వరుసలు రాసి కూడండి. మొదటి నిలువు వరుసలో ఒక 1, తర్వాతి దానిలో రెండు, అలా ఆరు వరకు పెరిగి మళ్లీ ఒకటికి దిగుతాయి. పైకి తీసుకువెళ్లాల్సిన అంకె ఎక్కడా ఉండదు. సంఖ్య ఆ రూపంలో ఎందుకుందో అప్పుడు కంటికే కనిపిస్తుంది.

తొమ్మిదులు తీసేసి సరిచూసే పాత పద్ధతి వాడేవారికి ఒక మాట. అంకెల మొత్తం సరిపోలేదంటే తప్పు ఉన్నట్టే. సరిపోయిందంటే మాత్రం తప్పు లేదని కాదు. రెండు అంకెలు తారుమారైనా మొత్తం మారదు. అందుకని 11తో కూడా ఒకసారి సరిచూడండి. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే అది పట్టేస్తుంది.

5. వర్గమూలం తీసి మరోవైపు నుంచి చూడండి

కారణాంకాలు రాకముందే ఇది వర్గ సంఖ్య అవునో కాదో తెలుసుకోవాలంటే ముందు జల్లెడ పట్టాలి. చివరి అంకె 2, 3, 7, 8 అయితే వర్గం కాదు. బేసి సంఖ్యను 4తో భాగిస్తే 3 శేషం వచ్చినా కాదు. అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడితే 1, 4, 7, 9 కాక మరేదైనా వస్తే కాదు. మనదానికి చివరి అంకె 1, చివరి రెండంకెలు 21 కాబట్టి 4తో శేషం 1, అంకెల మొత్తం చివరకు 9. మూడు జల్లెళ్లూ దాటింది. అయినా ఇంకా వర్గమని తేలలేదు. ఈ జల్లెళ్లు కానివాటిని ఏరేస్తాయి, అయినవాటికి హామీ ఇవ్వవు.

భాగహార పద్ధతిలో వర్గమూలం తీయండి. జంటలు: 1 | 23 | 45 | 65 | 43 | 21. ఆరు ముక్కలు, కాబట్టి వర్గమూలంలో ఆరు అంకెలు.

ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన మూలాన్ని రెట్టింపు చేసి, దాని పక్కన కొత్త అంకె చేర్చి, ఆ అంకెతోనే హెచ్చించి తీసేయాలి. మొదటి 1లోంచి 1 పోతే 0. 23 దించితే 23; 21 × 1 తీసేస్తే 2. 45 దించితే 245. 221 × 1 తీసేస్తే 24. 65 దించితే 2465; 2221 × 1 తీసేస్తే 244. 43 దించితే 24443. 22221 × 1 తీసేస్తే 2222. 21 దించితే 222221. 222221 × 1 తీసేస్తే 0.

వర్గమూలం 1,11,111. కారణాంకాల దారిలో వచ్చినదీ ఇదే. రెండు వేర్వేరు దారులు ఒకే చోటుకు చేరాయంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. ఒకే దారిలో రెండుసార్లు చేయడం అంత నమ్మదగ్గది కాదు, మొదటిసారి చేసిన తప్పే రెండోసారీ చేస్తాం.

6. భాజకాలు ఎన్ని?

ప్రతి ప్రధాన కారణాంకం ఘాతాంకానికి ఒకటి కలిపి, అన్నింటినీ హెచ్చించాలి. ఇక్కడ ఘాతాంకాలన్నీ 2. కాబట్టి 3 × 3 × 3 × 3 × 3 = 243.

తప్పు ఎక్కడంటే, ఒకటి కలపడం మరచి 2ను ఐదుసార్లు హెచ్చించి 32 అని రాయడం. సరిచూడడం సులువు. వర్గ సంఖ్యకు భాజకాల సంఖ్య ఎప్పుడూ బేసే. భాజకాలు జంటలుగా వస్తాయి, వర్గమూలం ఒక్కటే తనకు తానే జత. 121 జంటలు, నడుమ 1,11,111, మొత్తం 243. వర్గ సంఖ్యకు సరి సంఖ్యలో భాజకాలు వచ్చాయంటే వెనక్కి వెళ్లండి.

భాజకాలు ఎక్కువున్నాయి కదా, రామానుజన్ 1915లో రాసిన అత్యధిక భాజకాల సంఖ్యల్లో ఇది కూడా ఒకటా అని అడుగుతారు. కాదు. తనకన్నా చిన్న సంఖ్య దేనికీ లేనన్ని భాజకాలుండాలన్నది అక్కడి షరతు. 1 తప్ప అలాంటి సంఖ్యలన్నీ సరి సంఖ్యలే. బేసి సంఖ్య కనిపిస్తే ఆ ప్రశ్న వదిలేయండి.

7. భాజకాల మొత్తం

ప్రతి ప్రధాన కారణాంకానికి ఒకటి, తాను, తన వర్గం కూడండి. వచ్చిన ఐదు మొత్తాలను హెచ్చించండి.

3: 1 + 3 + 9 = 13
7: 1 + 7 + 49 = 57
11: 1 + 11 + 121 = 133
13: 1 + 13 + 169 = 183
37: 1 + 37 + 1369 = 1407

13 × 57 = 741
741 × 133 = 98,553
98,553 × 183 = 1,80,35,199
1,80,35,199 × 1407 = 25,37,55,24,993

సాధారణంగా ఇక్కడ మధ్య పదం వదిలేసి 1 + 9, 1 + 49 అని రాస్తుంటారు. అనుమానం వస్తే 36 మీద పరీక్షించుకోండి: (1+2+4) × (1+3+9) = 91. 36కు ఉన్న భాజకాలన్నింటినీ వేళ్ల మీద కూడినా 91 వస్తుంది.

సరిచూడడం: వచ్చిన ఐదు మొత్తాలూ బేసి సంఖ్యలే, కాబట్టి లబ్ధం బేసిగా ఉండాలి, ఉంది. లబ్ధం అంకెల మొత్తం 54, అంటే చివరకు 9. ఐదు మొత్తాల అంకెలను ఒక్క అంకెకు కుదిస్తే 4, 3, 7, 3, 3. వాటి లబ్ధం 756, అది కూడా చివరకు 9. సరిపోయింది.

8. సమృద్ధమా, న్యూనమా, పరిపూర్ణమా?

భాజకాల మొత్తంలోంచి సంఖ్యను తీసేయండి. మిగిలినది సంఖ్యకన్నా ఎక్కువైతే సమృద్ధం, తక్కువైతే న్యూనం, సమానమైతే పరిపూర్ణం. తీసేయడం మరచిపోతే 1 తప్ప ప్రతి సంఖ్యా సమృద్ధమే అనిపిస్తుంది.

25,37,55,24,993 − 12,34,56,54,321 = 13,02,98,70,672

ఇది మన సంఖ్యకన్నా 68,42,16,351 ఎక్కువ. కాబట్టి 12,34,56,54,321 సమృద్ధ సంఖ్య.

బేసి సంఖ్యలు సమృద్ధం కావని నమ్మేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. చిన్న సంఖ్యలు చూసి ఏర్పరచుకున్న నమ్మకం అది. సమృద్ధమైన బేసి సంఖ్యల్లో అతి చిన్నది 945, అంతకు ముందు ఒక్కటీ లేదు. 5తో పోని వాటిలో మొదటిది రావాలంటే 81,081 దాకా వెళ్లాలి. మనదీ 5తో పోదు.

ఇంకా ఆసక్తికరమైన సంగతి లోపల ఉంది. 37ను పక్కన పెట్టి మిగిలిన నాలుగు కారణాంకాలతో చూడండి. 3003 వర్గం 90,18,009. దాని భాజకాల మొత్తం పైన మధ్యలో వచ్చిన 1,80,35,199. సంఖ్యకు రెట్టింపు 1,80,36,018. తేడా 819 మాత్రమే! తొంభై లక్షల పైచిలుకు సంఖ్య కేవలం 819 తేడాతో న్యూనంగా మిగిలిపోయింది. 37 వచ్చి చేరాక సమృద్ధం వైపు ఒరిగింది. మూడో అడుగులో 1369 దగ్గర అంతసేపు ఆగింది ఇందుకే.

దీన్నిబట్టి ఒక జాగ్రత్త. ఈ నిర్ణయాన్ని దశాంశాలతో చేయవద్దు. 1,80,35,199ని 90,18,009తో భాగిస్తే 1.9999 వస్తుంది. రెండు మూడు దశాంశాలకు సవరిస్తే అది 2 అయిపోతుంది, మీరు 90,18,009 పరిపూర్ణ సంఖ్య అని రాసేస్తారు. పూర్ణ సంఖ్యలనే పక్కపక్కన పెట్టి పోల్చండి. ఇంతవరకు బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ దొరకలేదు. 1 పక్కన 1500 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య లోపు అలాంటిది లేదని 2012లో నిరూపణ కూడా వచ్చింది. కాబట్టి బేసి సంఖ్యకు ‘పరిపూర్ణం’ అని జవాబు వస్తే ముందు మీ లెక్కలో తప్పు వెతకండి.

9. అంకెల రూపాన్ని బట్టి వచ్చే పేర్లు

ఇప్పటిదాకా చూసినవన్నీ కారణాంకాల సంగతులు. ఇక్కడివి మనం పదుల పద్ధతిలో రాయడం వల్ల వచ్చేవి. రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.

పాలిండ్రోమ్: వికటకవి లాగా ఎటు నుంచి చదివినా ఒకటే. అవును. చివరి వరకు జతలు పోల్చి చూడండి, ఊహించవద్దు.

హర్షద్ సంఖ్య: అంకెల మొత్తంతో నిశ్శేషంగా పోవాలి. అంకెల మొత్తం 36. 9తో పోతుంది కాబట్టి 36తోనూ పోతుందని తొందరపడేవారు ఉంటారు. 36 సరి సంఖ్య, మనది బేసి. పోదు. కాబట్టి హర్షద్ సంఖ్య కాదు.

డెమ్లో సంఖ్య: నాసిక్ దగ్గరి దేవళాలీలో బడి పంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905–1986) ఒక రైల్వే స్టేషన్ పేరు మీదుగా పెట్టిన పేరు ఇది. 1, 11, 111, 1111ల వర్గాలు 1, 121, 12321, 1234321... ఈ వరుసలో మనది ఆరోది. హర్షద్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. ఈ అందమైన క్రమం తొమ్మిది ఒకట్ల వరకే నిలుస్తుంది. పది ఒకట్ల వర్గం 1234567900987654321. ఎటు నుంచి చదివినా ఒకటిగా ఉండదు.

కాప్రేకర్ సంఖ్య: ఇది వేరు. వర్గాన్ని రెండుగా విడగొట్టి కూడితే మళ్లీ మొదటి సంఖ్యే రావాలి. 1,11,111 వర్గాన్ని 12345, 654321గా విడగొట్టి కూడితే 6,66,666 వస్తుంది. కాబట్టి 1,11,111 కాప్రేకర్ సంఖ్య కాదు. డెమ్లో సంఖ్యలు, కాప్రేకర్ సంఖ్యలు ఒకరి పేరుతోనే ముడిపడ్డాయని రెండింటినీ కలిపేయకండి.

10. రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?

అవసరం లేనివారు ఈ అడుగు దాటేయవచ్చు. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన కారణాంకాల ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలైతే రాయగలం. మనదానిలో అలాంటివి 3, 7, 11. మూడింటి ఘాతాంకమూ 2. కాబట్టి కుదురుతుంది. 4తో భాగిస్తే 1 శేషం వచ్చే 13, 37లే దారి చూపుతాయి. 5, 12, 13 భుజాల లంబకోణ త్రిభుజం మీకు తెలుసు కదా. 1,11,111ను 13తో భాగిస్తే 8547. దానితో హెచ్చిస్తే:

42735² + 102564² = 111111²

12, 35, 37 త్రిభుజంతో చేస్తే:

36036² + 105105² = 111111²

13ను, 37ను హెచ్చించి 481గా తీసుకుంటే మరో రెండు జంటలు వస్తాయి: 7161తో 110880 ఒకటి, 73689తో 83160 మరొకటి. మొత్తం నాలుగు. ఐదోది వచ్చిందంటే రెండు సంఖ్యలు అటూ ఇటూ మార్చి అదే జంట మళ్లీ రాశారేమో చూడండి.

ఈ సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు దీని లోపు ఎన్ని అని అడిగితే, 2 × 6 × 10 × 12 × 36 = 51,840 కనుక్కుని, దాన్ని 1,11,111తో హెచ్చించండి: 5,75,99,94,240.

యంత్రంతో సరిచూసేవారికి

ఫోను క్యాలిక్యులేటర్‌లో జవాబు మధ్యలో దశాంశ బిందువు, చివర ఒక ఆంగ్ల అక్షరం, దాని పక్కన 10 కనిపిస్తే ఆ జవాబును నోటుపుస్తకంలోకి ఎక్కించవద్దు. అది కుదించి చూపిన రూపం, చివరి అంకెలు పోయి ఉండవచ్చు. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది. ఆ తర్వాతి అంకెల స్థానంలో సున్నాలు పెట్టేస్తుంది. మన సంఖ్యకు ఇబ్బంది లేదు కానీ పది ఒకట్ల వర్గానికి 19 అంకెలుంటాయి, అక్కడ తప్పు వస్తుంది. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకు ఆ పరిమితి లేదు. అయితే భాగించేటప్పుడు ఒక్క గీత వాడితే దశాంశంగా మారిపోతుంది, రెండు గీతలు వాడండి.

మీరు చేసి చూడడానికి

1,11,11,111: మహావీరాచార్యుడు ఇచ్చిన మరో లబ్ధం ఇది, 1,52,207 × 73. కారణాంకాలు 11 × 73 × 101 × 137. భాజకాలు 16, వాటి మొత్తం 1,24,99,488. న్యూన సంఖ్య. చివరి రెండంకెలు 11, 4తో భాగిస్తే 3 శేషం, కాబట్టి వర్గం కాదు. 11 ఒక్కసారే ఉంది కాబట్టి రెండు వర్గాల మొత్తంగానూ రాయలేం.

1,42,857: కారణాంకాలు 3³ × 11 × 13 × 37. మూడేసి ముక్కల తేడా 715 రావాలి. అది 11తో, 13తో పోతుంది, 7తో పోదు. భాజకాలు 32. న్యూన సంఖ్య. అంకెల మొత్తం 27తో పోతుంది కాబట్టి హర్షద్ సంఖ్య. వర్గం 20408122449; 20408 + 122449 = 142857 కాబట్టి కాప్రేకర్ సంఖ్య కూడా.

12,34,567: ఇది ఓపికకు పరీక్ష. 2 నుంచి మొదలుపెట్టి 113 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోదు. 31వ ప్రధాన సంఖ్య 127తో భాగిస్తే 9721 వస్తుంది. ఇప్పుడు 9721ని మళ్లీ 2 నుంచి పరీక్షించనక్కర్లేదు. దాని వర్గమూలం 99 లోపే, అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ఇప్పటికే చూసేశారు. కాబట్టి 9721 ప్రధాన సంఖ్య. భాజకాలు నాలుగే: 1, 127, 9721, 12,34,567. 100 దాటాక మీ పట్టిక అయిపోతుంది కాబట్టి 101, 103, 107, 109, 113, 127 ముందే రాసి పెట్టుకోండి. 119, 121 మాత్రం అందులో చేర్చకండి. ఒకటి 7 × 17, మరొకటి 11 × 11.